తెరవడానికి బద్ధకం వేయని ఫిల్టరు

“ఇది పెట్టుకోండి సార్, ఆర్నెల్లు ముట్టుకోనక్కర్లేదు.”

అక్వేరియం కొట్లో ఖరీదైన కానిస్టర్ ఫిల్టరు చేతికిస్తూ చెప్పే మాట ఇది. అబద్ధమేమీ కాదు. మంచి కానిస్టర్ అయితే ఆర్నెల్లు ఎవరూ పట్టించుకోకపోయినా తిరుగుతూనే ఉంటుంది. చిక్కల్లా ఏడో నెలలో వస్తుంది. స్విచ్ తీసి, రెండు గొట్టాల వాల్వులూ మూసి, ట్యాంకు కింది అరలోంచి నీళ్ళతో నిండిన ఆ బరువైన డబ్బాను బాత్రూమ్ దాకా మోసుకెళ్ళాలి. క్లిప్పులు విప్పి మూత తీస్తే లోపలి అరల నిండా నల్లటి మడ్డి. అరలన్నీ కడిగి, రబ్బరు రింగు సరిగ్గా కూర్చోబెట్టి, మళ్ళీ నీళ్ళు ఎక్కించి, మూత దగ్గర కారడం లేదని తేల్చుకునేసరికి గంట పడుతుంది. ఆ గంట ఈ ఆదివారం దొరకదు. వచ్చే ఆదివారం ఎవరిదో పెళ్ళి. అలా ఏడో నెల కాస్తా పదో నెల అవుతుంది.

కాబట్టి తక్కువ పని పెట్టే ఫిల్టరు అని నేను అంటున్నది ఎక్కువ కాలం తెరవక్కర్లేని దాన్ని కాదు. తెరవాల్సి వచ్చినప్పుడు ఐదు నిమిషాల్లో, ఒట్టి చేతులతో, ఒక్క బకెట్టుతో పని తేలిపోయే దాన్ని. పెద్ద పని ఎప్పుడూ వాయిదా పడుతుంది. చిన్న పని పళ్ళు తోముకున్నట్టు జరిగిపోతుంది. సామాను కొనేటప్పుడు మనకున్న ఓపికను కొలుచుకోకుండా, ఉంటే బాగుండుననుకునే ఓపికను కొలుచుకుని కొనడం మన అలవాటు. వ్యాయామం సైకిలు మీద బట్టలు ఆరేసుకునే ఇళ్ళకు ఈ సంగతి తెలుసు.

అసలు లోపల జరిగేది

ఏ ఫిల్టరు కొనాలో తేల్చుకునే ముందు అది చేసే పని తెలియాలి. చెత్తను పట్టి ఉంచడం అందులో చిన్న భాగం. చేపలు మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతూ ఉంటాయి. రెట్ట కుళ్ళినా, తినకుండా అడుగున పడిన మేత కుళ్ళినా వచ్చేది అదే. అద్దంలా మెరిసే నీళ్ళలో కూడా అది ఉండొచ్చు, చేపను చంపొచ్చు. నిన్నటిదాకా చక్కగా ఈదిన చేపలు పొద్దున్నే తేలిపోయి కనిపిస్తే “నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయే” అని ఆశ్చర్యపోయేది ఇందుకే.

దీని నుంచి కాపాడేది బ్యాక్టీరియా. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. మోతాదు మించనంతవరకు నైట్రేట్‌తో పెద్ద ప్రమాదం లేదు. ఈ సూక్ష్మజీవులు ఎక్కువగా నీళ్ళలో తేలుతూ ఉండవు. స్పాంజి రంధ్రాల్లో, సిరామిక్ రింగుల మీద, గులకరాళ్ళ మీద జిగటగా పొర కట్టుకుని బతుకుతాయి. వాటికి అంటుకోవడానికి చోటు కావాలి, ఆక్సిజన్ ఉన్న నీళ్ళు ఆ చోటు గుండా పారుతూ ఉండాలి. మనం డబ్బిచ్చి కొనేది మోటారును కాదు, ఈ పొర నిలిచే చోటును. ఇది గుర్తుంటే కొట్టువాడి మాటల్లో సగం వడకట్టేయొచ్చు.

మన ప్రాంతంలో దీనికి ఇంకో మెలిక ఉంది. అమ్మోనియా ఎంత విషమన్నది నీటి పీహెచ్‌ను బట్టి మారుతుంది. 25 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 7 దగ్గర ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది సుమారు అర శాతం. అదే పీహెచ్ 8 అయితే ఐదు శాతం దాటుతుంది. దాదాపు పది రెట్లు. మన బోరు నీళ్ళు చాలాచోట్ల 7.5 పైనే ఉంటాయి. వాన నీళ్ళలాంటి మెత్తటి నీళ్ళున్న ఊళ్ళో చెల్లిపోయే అశ్రద్ధ, బోరు నీళ్ళ ఇంట్లో చెల్లదు. దీనికి విరుగుడుగా కొందరు ట్యాంకు మొత్తం ఆర్.ఓ. నీళ్ళతో నింపుతారు. వద్దు. అందులో ఖనిజాలు దాదాపు ఉండవు కాబట్టి పీహెచ్ నిలకడ తప్పి ఒక్కసారిగా పడిపోవచ్చు. బోరు నీళ్ళు మరీ ఉప్పగా ఉంటే ఆర్.ఓ. నీళ్ళు కొంత కలుపుకోవచ్చు, అంతే.

ముందు చేపలు, తర్వాత ఫిల్టరు

ట్యాంకు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60, 30, 30 అయితే 54 లీటర్లు. కింద గులకరాళ్ళు, పైన వదిలిన ఖాళీ పోను నికరంగా 45 దాకా అనుకోండి. అడుగుల్లో లెక్కైతే ఒక ఘనపుటడుగుకు 28 లీటర్లు. గంటకు ఈ నీళ్ళు నాలుగైదు సార్లు ఫిల్టరు గుండా తిరిగితే మామూలు ఇంటి ట్యాంకుకు చాలు. అట్టపెట్టె మీద వేసిన ‘గంటకు ఇన్ని లీటర్లు’ అంకెను పూర్తిగా నమ్మకండి. లోపల స్పాంజి, రింగులు నింపి, నీళ్ళను పైకెత్తాల్సి వచ్చాక అది బాగా తగ్గుతుంది.

అయితే లీటర్ల కంటే ముఖ్యం ఆ నీళ్ళలో ఎవరున్నారన్నది. గోల్డ్‌ఫిష్ తెగ తింటుంది, తెగ విసర్జిస్తుంది, కొట్లో బొటనవేలంత ఉన్నది సరిగ్గా పెంచితే అరచేతిని మించుతుంది. రెండడుగుల ట్యాంకులో నాలుగు గోల్డ్‌ఫిష్ వేసి తక్కువ పని పెట్టే ఫిల్టరు చెప్పమంటే, అలాంటిది ఇంకా తయారు కాలేదు. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ సంగతీ అంతే. గప్పీలు, మోలీలు, చిన్న టెట్రాలు, లేదా ఒంటరి ఫైటర్ అయితే పని సగానికి సగం తగ్గుతుంది. గప్పీల్లో ఆడా మగా కలిపి వేస్తే మాత్రం నెల నెలా కాన్పులే. మూడు నెలలయ్యేసరికి మీ లెక్క తప్పుతుంది. ఒట్టి మగవాటినే తెచ్చుకోండి, రంగులూ వాటికే ఎక్కువ.

గుండ్రటి గాజు బౌల్‌కు ఏ ఫిల్టరు బాగుంటుందని చాలామంది అడుగుతారు. బౌల్ మార్చండి.

స్పాంజి ఫిల్టరు

నన్ను ఒక్కటే పేరు చెప్పమంటే ఇదే చెబుతాను. రెండడుగులకు లోపు ట్యాంకు, చిన్న చేపలు, ఉద్యోగం చేసుకునే మనిషి అయితే ఇంకేదీ చూడక్కర్లేదు. చూడ్డానికి ఏమీ బాగుండదు. నల్లటి స్పాంజి దిమ్మ, మధ్యలో ప్లాస్టిక్ గొట్టం, దానికో సన్నటి గాలి పైపు. బయట ఉన్న ఎయిర్ పంపు గాలిని పంపితే బుడగలు గొట్టంలోంచి పైకి లేస్తాయి, వాటితోపాటు నీళ్ళూ లేస్తాయి, ఖాళీ అయిన చోటికి స్పాంజి గుండా కొత్త నీళ్ళు చొరబడతాయి. నీళ్ళలో తిరిగే భాగం ఒక్కటీ లేదు కాబట్టి అందులో చెడిపోయేదీ లేదు. పంపు పాడైతే పంపే మార్చుకుంటాం. బ్యాక్టీరియా ఉన్న స్పాంజికి ఏమీ కాదు. రెండూ కలిపినా వందల రూపాయల్లో తేలిపోతుంది. చేపపిల్లల్ని పెంచేవాళ్ళు ఎక్కడైనా ఎక్కువగా నమ్ముకునేది దీన్నే, పిల్లలు లోపలికి లాగబడి చావవు గనక. రంగు చేపల పెంపకానికి పేరుపడ్డ చెన్నై కొళత్తూరు నుంచి తెచ్చిన చేపలైనా, పక్కవీధి కొట్లో కొన్నవైనా దీనితో సుఖంగానే ఉంటాయి.

కడగడం ఇలా. నీళ్ళు మార్చే రోజున ట్యాంకులోంచి తీసిన నీళ్ళు బకెట్లో ఉంటాయి కదా, స్పాంజిని మెల్లగా పైకి తీసి ఆ నీళ్ళలోనే నాలుగైదుసార్లు పిండండి. మడ్డి వదులుతుంది. మళ్ళీ కొత్తదానిలా మెరిసేదాకా పిండకండి. నెలకోసారి చాలు. బుడగలు నీరసించినా, స్పాంజి మీద మడ్డి దట్టంగా పేరుకున్నా కాస్త ముందే చేయండి. రెండు స్పాంజిలు ఉన్న రకం కొంటే ఇంకా మేలు. ఈ నెల ఒకటి, వచ్చే నెల రెండోది. ఒకదాంట్లో బ్యాక్టీరియా కాస్త పోయినా రెండోది కాచుకుంటుంది.

కుళాయి కింద మాత్రం పెట్టకండి. మునిసిపల్ నీళ్ళలో క్రిములను చంపడానికే క్లోరిన్ కలుపుతారు. మీ స్పాంజిలో ఉన్నవీ క్రిములే. అవి చచ్చిపోతే కంటికి ఏమీ తెలియదు, తర్వాతి వారం అమ్మోనియా పెరిగి చేపలు నీటి పైకొచ్చి నోళ్ళు తెరిచినప్పుడు తెలుస్తుంది. ట్యాంకులో పోసే కొత్త నీళ్ళకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. ఒకరోజు బకెట్లో వదిలేస్తే క్లోరిన్ చాలామటుకు పోతుంది. ఆగే తీరిక లేకపోతే కొట్లలో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మేది వాడండి. అది చాలావరకు సోడియం థయోసల్ఫేటే.

దీని లోపాలూ చెప్పాలి. ట్యాంకులో చోటు తింటుంది. నీళ్ళలో తేలే సన్నటి నలుసును అంత బాగా పట్టదు, అద్దంలాంటి మెరుపు కావాలనుకునేవాళ్ళకు ఇది నచ్చదు. ఎయిర్ పంపు గుర్రుమంటుంది, పడకగదిలో మరీ. పంపు కింద మడతపెట్టిన పాత తువ్వాలు వేస్తే చాలావరకు తగ్గుతుంది. పంపును నీటి మట్టం కంటే పైన పెట్టండి. కింద పెట్టాల్సి వస్తే పైపు మధ్యలో చెక్ వాల్వు తగిలించండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్ళు పైపులోంచి వెనక్కి వచ్చి పంపులోకీ, అక్కణ్ణించి ప్లగ్గులోకీ చేరతాయి. ఆ వాల్వు ఖరీదు ఒక సమోసా ఖరీదుకు అటూ ఇటూ ఉంటుంది.

ఇదే ఆలోచనను ఇంకాస్త పెద్దది చేస్తే జర్మనీ వాళ్ళ హాంబర్గ్ మాటెన్ ఫిల్టరు అవుతుంది. ట్యాంకు ఒక పక్క మొత్తాన్ని రెండంగుళాల మందం స్పాంజి పలకతో గోడలా అడ్డుకట్టి, దాని వెనక నుంచి గాలి గొట్టంతో నీళ్ళను ముందుకు తోస్తారు. స్పాంజి అంత పెద్దది కావడంతో నీళ్ళు నిదానంగా పారతాయి, నెలల తరబడి పూడుకోదు. మనకు పెట్టెలో దొరకడం తక్కువే గాని, అక్వేరియం స్పాంజి పలక తెచ్చుకుంటే ఇంట్లోనే కోసుకోవచ్చు. పరుపుల కొట్లో ఫోము మాత్రం తేవద్దు. దానిలో ఏ రసాయనాలు కలిపారో చేపలకు తెలిసొస్తుంది.

కరెంటు పోయినప్పుడు

మన ఇళ్ళలో ఫిల్టరును ఎంచుకునేటప్పుడు ఇది చివర్లో కాదు, మొదట్లోనే ఆలోచించాల్సిన సంగతి. బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కావాలన్నాం. కానిస్టర్ మూతబిగించిన డబ్బా. కరెంటు పోగానే లోపలి నీళ్ళు కదలవు, ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ లోపలి మడ్డి, బ్యాక్టీరియా కలిసి వాడేస్తాయి. కొన్ని గంటలు అలాగే ఉంటే పొర చావడం మొదలవుతుంది, కుళ్ళు వాసన పుడుతుంది. కరెంటు రాగానే మోటారు ఆ కుళ్ళునంతా ఒక్క ఊపున ట్యాంకులోకి పంపుతుంది. పూటంతా కరెంటు లేకపోతే కానిస్టర్‌ను వెంటనే ఆన్ చేయకుండా, మూత తీసి ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు పెట్టాలి. స్పాంజి అలా కాదు, చుట్టూ ట్యాంకు నీళ్ళే ఉంటాయి కాబట్టి నిలదొక్కుకుంటుంది.

గాజు అంచుకు తగిలించే హ్యాంగ్ ఆన్ ఫిల్టర్లలో ఇంకో తంటా. కొన్నిట్లో కరెంటు పోగానే నీళ్ళు వెనక్కి జారిపోతాయి, తిరిగొచ్చాక మోటారు ఒట్టి గాలిని తిప్పుతూ వేడెక్కుతుంది. మోటారు నీళ్ళలో మునిగి ఉండే రకం అయితే దానంతటదే మళ్ళీ అందుకుంటుంది. ఇంటికి తెచ్చిన రోజునే స్విచ్ తీసి, పది నిమిషాలాగి, మళ్ళీ వేసి చూడండి. మీరు చేయి పెట్టకుండా నీళ్ళు అందుకోకపోతే అదే రోజు వాపసు ఇచ్చేయండి.

ఎండాకాలం దీనికి తోడవుతుంది. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్‌ను పట్టి ఉంచలేవు. 20 డిగ్రీల నీళ్ళు లీటరుకు 9 మిల్లీగ్రాములకు కాస్త పైగా పట్టుకుంటే, 30 డిగ్రీల దగ్గర అది 7.5కు దిగుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ట్యాంకు నీళ్ళు అంతకంటే వేడిగానే ఉంటాయి. సరిగ్గా అప్పుడే చేపలకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఫ్యానుతోపాటు ఎయిర్ పంపునూ దానికి కలపండి. చిన్న పంపు లాగేది ఐదు వాట్ల లోపే. లేదంటే ఛార్జింగుతో నడిచే చిన్న పంపు ఒకటి కొని, అత్యవసరానికి పక్కన పెట్టుకోండి. నెలంతా ఆగకుండా తిప్పినా ఐదు వాట్ల పంపుకు 3.6 యూనిట్లే. ఇరవై వాట్ల మోటారుకు 14.4.

మిగతావి

టాప్ ఫిల్టరు మన కొట్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. మోటారు నీళ్ళను పైకి తోడి, ట్యాంకు మీద పెట్టిన ట్రేలోని దూది, స్పాంజి గుండా కిందికి జారవిడుస్తుంది. ట్రే చేతికందే ఎత్తులో ఉంటుంది కాబట్టి నా కొలబద్ద ప్రకారం మంచి మార్కులే. గోల్డ్‌ఫిష్ ఉన్న మూడడుగుల ట్యాంకుకు నేను దీన్నే చెబుతాను. పైపొర దూదిని వారం పది రోజులకోసారి మార్చేయండి, అది చెత్తకోసమే. కింద ఉన్న స్పాంజినీ, రింగులనూ మాత్రం పారేయకండి. కొత్త ట్రేలో ఎక్కువగా దూది ఒక్కటే వస్తుంది. స్పాంజి, సిరామిక్ రింగులు విడిగా కొని మీరే నింపుకోవాలి. బోరు నీళ్ళ ఇళ్ళలో మోటారు లోపలి చక్రానికి తెల్లటి సున్నపు పొర పట్టి గరగరమంటుంది. విప్పి నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో కాసేపు నానబెట్టి, మంచినీళ్ళతో కడిగితే మళ్ళీ మెత్తగా తిరుగుతుంది.

హ్యాంగ్ ఆన్ రకాల్లో కార్ట్రిడ్జ్ వచ్చేవి ఉన్నాయి. నెలకోసారి మార్చమని పెట్టె మీద రాసి ఉంటుంది. పాతదాన్ని పారేస్తే నెలరోజులుగా పెరిగిన బ్యాక్టీరియానూ పారేసినట్టే. కార్ట్రిడ్జ్ మార్చడంలో సుఖపడేది దాన్ని అమ్మేవాళ్ళు. ఆ ఖాళీలో స్పాంజి ముక్క, రింగులు పెట్టుకోండి, ఏళ్ళ తరబడి వస్తాయి. లోపలి బొగ్గు కొన్ని వారాల్లో తన శక్తి కోల్పోతుంది. చేపలకు వేసిన మందును తర్వాత నీళ్ళలోంచి తీసేయడానికి తప్ప మామూలు రోజుల్లో దాని అవసరమే లేదు.

గులకరాళ్ళ కింద పెట్టే అండర్ గ్రావెల్ పలకలు ఇంకా అమ్ముతున్నారు. కంటికి కనబడదు, అందుకే పని లేదనిపిస్తుంది. మడ్డి అంతా ఆ పలక కింద పేరుకుంటుంది. ఏదో ఒకరోజు చేపల్ని బకెట్లో వేసి, ట్యాంకు మొత్తం బోర్లించాలి. కొనకండి.

కానిస్టర్‌ను మొదట్లో తిట్టాను గాని, నాలుగడుగులు దాటిన ట్యాంకుకూ, నాటిన మొక్కలతో తీర్చిదిద్దే ట్యాంకుకూ అది సరైనదే. ఆ గంట పనిని ఇష్టంగా చేసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు ఈ అధ్యాయంతో పనిలేదు. ఒక్క చిన్న సలహా: నీళ్ళు పీల్చే గొట్టం మూతికి స్పాంజి తొడుగు వేయండి. చెత్తలో ఎక్కువ భాగం అక్కడే ఆగిపోతుంది, వారానికోసారి దాన్ని పిండితే డబ్బా తెరవాల్సిన రోజు చాలా వెనక్కి జరుగుతుంది.

ఏ ఫిల్టరూ చేయని పని ఒకటుంది, నైట్రేట్‌ను బయటికి పంపడం. అందుకు వారానికోసారి పావు వంతు నీళ్ళు మార్చాల్సిందే. ఈ పని కొంత తగ్గాలంటే ఇంట్లో ఎలాగూ ఉన్న మనీప్లాంటు కొమ్మ ఒకటి తెంపి, వేళ్ళు మాత్రం నీళ్ళలో ఉండేలా ట్యాంకు అంచుకు తగిలించండి. ఆకులు పైనే ఉండాలి. నైట్రేట్‌ను ఎరువుగా పీల్చుకుని ఏపుగా పెరుగుతుంది.

మొదటి నెల, మొదటి ప్రయాణం

కొత్త ఫిల్టరులో బ్యాక్టీరియా ఉండదు. అది పూర్తిగా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ట్యాంకు, చేపలు, ఫిల్టరు అన్నీ ఒకే సాయంత్రం తెచ్చుకునేవాళ్ళు మొదటి పదిహేను రోజుల్లోనే చేపల్ని పోగొట్టుకునేది ఇందువల్లే. తెలిసినవాళ్ళ ఇంట్లో ఏడాదిగా నడుస్తున్న, చేపలు ఆరోగ్యంగా ఉన్న ట్యాంకు ఉంటే, వాళ్ళ స్పాంజిలోంచి ఓ ముక్క అడిగి తెచ్చి మీ ఫిల్టరులో పెట్టండి. ఎండిపోకుండా వాళ్ళ ట్యాంకు నీళ్ళతోనే సంచిలో వేసి తేవాలి. నెల పని వారం పది రోజుల్లో కావచ్చు. అయినా ముందు రెండు మూడు చేపలే వేసి, అమ్మోనియా, నైట్రైట్ కొలిచే కిట్టు తెచ్చుకుని, రెండూ సున్నా చూపించాక మిగతావి తెచ్చుకోండి. ఈ రోజుల్లో మేత చిటికెడు కంటే తక్కువ వేయండి. రెండు నిమిషాల్లో తినలేనిది ఏదైనా అమ్మోనియాయే.

చేయి ట్యాంకులో పెట్టే ముందు ప్లగ్గు తీయడం ఇంట్లో పిల్లలకూ నేర్పండి. ఫిల్టరు వైరును సాకెట్టు కంటే కిందికి వేలాడేలా వదిలి, తర్వాత పైకి తెచ్చి పెట్టండి. వైరు మీదుగా జారే నీటి చుక్క ఆ వంపు దగ్గర కింద పడిపోతుంది, సాకెట్టులోకి పాకదు.

సంక్రాంతికి ఊరెళ్ళే ముందు చాలామంది చేసే పని, బయల్దేరే రోజు పొద్దున్నే ఫిల్టరునూ ట్యాంకునూ శుభ్రంగా కడిగేసి వెళ్ళడం. ఏదైనా తేడా వస్తే చూడడానికి ఎవరూ ఉండరు. కడిగేదేదో వారం ముందే కడిగేయండి. బయల్దేరే ముందు రోజు నీటి మట్టం సరిచూసి, ఎయిర్ పంపు ఇన్వర్టర్ లైనులో ఉందో లేదో చూస్తే చాలు. వారం రోజులు మేత లేకపోయినా ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకు ఏమీ కాదు. పక్కింటి పిన్నిగారికి మేత డబ్బా ఇచ్చి వెళ్తే, పాపం ఆకలిగా ఉంటాయని ఆవిడ గుప్పెడు వేస్తుంది. పది రోజులకు మించి వెళ్తుంటే ఒక్కో పూటకు చిటికెడు చొప్పున కాగితం పొట్లాలు కట్టి, వాటి మీద తేదీలు రాసి ఇవ్వండి. రెండ్రోజులకో పొట్లం సరిపోతుంది. డబ్బా మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసుకోండి.